హైదరాబాద్ రంజీ జట్టు పతనం – పునర్నిర్మాణం: ఎంపిక పరిధిపై సిద్దిపేట దృష్టి నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టు 2022-23లో ప్లేట్ విభాగానికి దిగజారి, మరుసటి ఏడాదే ఎలైట్ విభాగానికి తిరిగి చేరింది. ఈ రెండు పరిణామాలకూ జట్టు ఎంపికతో ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. తుది జట్టులో చేసే మార్పులకన్నా సెలక్టర్ల కంటికి ఆనే క్రీడాకారుల పరిధి ముఖ్యమని, ఆ పరిధికి అంచున ఉన్న సిద్దిపేటను ఉదాహరణగా తీసుకొని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: రంజీ ట్రోఫీ, హైదరాబాద్ క్రికెట్ సంఘం, జట్టు ఎంపిక, జిల్లా క్రికెట్, సిద్దిపేట

1. రెండు ట్రోఫీలు, ఇరవై ఒక్క పరుగులు

తెలంగాణ అంతటికీ బీసీసీఐ పోటీలలో ప్రాతినిధ్యం వహించే జట్టు నేటికీ హైదరాబాద్ పేరుతోనే ఆడుతుంది. పేరులో నగరం మాత్రమే ఉండడం చరిత్ర మిగిల్చిన విషయమే అయినా, ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు అది కేవలం పేరు కాదని తెలుస్తుంది. 1937-38 ఫైనల్లో ఐబారా అజేయ శతకంతో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించిన జట్టు ఇది. 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీని వారి మైదానంలోనే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో అధిగమించి రెండోసారి ట్రోఫీ అందుకుంది. 1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క సీజన్లోనే ఎనిమిది శతకాలతో 1415 పరుగులు చేసినా, ఫైనల్లో ముంబయి చేతిలో ఓటమి తప్పలేదు. ఒక మహా బ్యాటర్ జట్టును ఫైనల్‌దాకా మోయగలడు గాని పూర్తి జట్టుకు ప్రత్యామ్నాయం కాలేడు.

2010 నవంబరులో జైపూర్‌లో రాజస్థాన్‌పై హైదరాబాద్ 21 పరుగులకే ఆలౌటయింది. రంజీ చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు లేదు. తొలి మ్యాచ్ ఆడుతున్న పద్దెనిమిదేళ్ల దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు పడగొట్టాడు. ఈ మ్యాచ్‌ను హైదరాబాద్ అవమానంగానే గుర్తుంచుకోవడం పరిపాటి. ఎంపిక విషయంలో అసలు పాఠం మాత్రం ఎదుటి జట్టులో ఉంది. ఆ ఏడాది రెండు జట్లూ ప్లేట్ విభాగంలోనే ఉన్నాయి. రాజస్థాన్ అక్కడి నుంచి పైకి వచ్చి అదే సీజన్లో రంజీ ట్రోఫీ గెలుచుకుంది. మరుసటి సంవత్సరం దానిని నిలుపుకుంది కూడా. ఆ జట్టు హృషికేశ్ కనిత్కర్, ఆకాశ్ చోప్రా, రష్మీ పరీదా వంటి అనుభవజ్ఞులను ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చుకొని, వారి పక్కన చాహర్ వంటి స్థానిక యువకులను నిలబెట్టింది. బయటివారు ఇన్నింగ్స్‌ను నిలబెడుతుండగా లోపలివారు ఎదగడానికి సమయం దొరికింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఫలితం అలా ఉండేది కాదు.

2. 2022-23: అట్టడుగుకు

రంజీ పాయింట్ల విధానంలో పూర్తి విజయానికి 6, ఇన్నింగ్స్ లేదా పది వికెట్ల తేడాతో గెలిస్తే మరొకటి అదనంగా లభిస్తాయి. డ్రా అయిన మ్యాచ్‌లో తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం సాధించిన జట్టుకు 3, వెనుకబడిన జట్టుకు 1 వస్తాయి. 2022-23లో హైదరాబాద్ ఏడు మ్యాచ్‌లలో ఆరింటిని ఓడిపోయి, తమిళనాడుతో జరిగిన డ్రాలో వెనుకబడిన జట్టుకు దక్కే ఒక్క పాయింటుతో సీజన్ ముగించింది. నాగాలాండ్‌తో కలిసి ప్లేట్ విభాగానికి దిగింది. 2010 నాటి ప్లేట్‌కూ ఈ ప్లేట్‌కూ తేడా ఉంది. అప్పుడు అందులో బలమైన జట్లు కూడా ఉండేవి. ఇప్పటిది ప్రధానంగా 2018 తర్వాత రంజీలో ప్రవేశించిన ఈశాన్య రాష్ట్రాల జట్ల విభాగం.

తిరిగి రావడం వేగంగానే జరిగింది. 2023-24లో తిలక్ వర్మ నాయకుడయ్యాడు. అంతకుముందు సర్వీసెస్ తరఫున ఆడిన గహ్లోత్ రాహుల్ సింగ్ జట్టులోకి వచ్చి నాగాలాండ్‌పై 143 బంతుల్లోనే ద్విశతకం పూర్తిచేశాడు. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌పై తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో త్రిశతకం చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అదే అత్యంత వేగవంతమైనది. అతడు 366 పరుగుల వద్ద ఔటయ్యాడు. ఉప్పల్‌లో మేఘాలయతో జరిగిన ఫైనల్ మాత్రం అంత సులువుగా సాగలేదు. హైదరాబాద్ అయిదు వికెట్ల తేడాతో గెలిచి ఎలైట్ విభాగానికి అర్హత పొందింది.

ఈ విజయాన్ని తక్కువ చేయనక్కరలేదు; ఎక్కువ చేయడమూ సరికాదు. తన్మయ్, రోహిత్ రాయుడు, మిలింద్, తనయ్ త్యాగరాజన్ వంటి ప్రధాన క్రీడాకారులు పతనమైన జట్టులోనూ ఉన్నవారే. మారినవి నాయకత్వం, ఒకరిద్దరు బ్యాటర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా ప్రత్యర్థులు. 2024-25లో ఎలైట్ విభాగంలో మళ్లీ గట్టి జట్లు ఎదురైనప్పుడు హైదరాబాద్ క్వార్టర్ ఫైనల్ చేరలేదు. రాజస్థాన్ చేసిన రెండు పనులలో మొదటిదానిని హైదరాబాద్ కొంతవరకు చేసింది. రెండోది, అంటే కొత్త క్రీడాకారుల మూలాన్ని విస్తరించడం, ఇంకా మిగిలే ఉంది.

3. ఒకే గ్రూపులో రెండు తెలుగు జట్లు

2022-23లో హైదరాబాద్ అట్టడుగున నిలిచిన గ్రూప్ ‘బి’ నుంచి క్వార్టర్ ఫైనల్ చేరిన రెండు జట్లు సౌరాష్ట్ర, ఆంధ్ర. అంటే అవే పరిస్థితులలో, దాదాపు అవే జట్లపై ఆడిన పొరుగు తెలుగు జట్టు ముందుకు వెళ్లింది. 2019-20లోనూ, 2023-24లోనూ ఆంధ్ర క్వార్టర్ ఫైనల్ ఆడింది. రెండు ట్రోఫీల వారసత్వం ఆంధ్రకు లేదు. 1953లో ఏర్పడిన సంఘం అది. అయితే ఆ సంఘానికి ఒక మహానగరం కేంద్రంగా లేకపోవడమే కాలక్రమంలో దానికి బలమైంది. విజయనగరం, మూలపాడు, కడప, అనంతపురం వంటి చోట్ల మైదానాలు, శిక్షణ కేంద్రాలు వెలిశాయి. విశాఖపట్నం నుంచి కె.ఎస్. భరత్, నితీశ్ కుమార్ రెడ్డి, గుంటూరు నుంచి షేక్ రషీద్ ఈ వ్యవస్థ మీదుగానే పైకి వచ్చారు.

వలస కూడా గమనించదగినదే. అంబటి రాయుడు 2005-06లో హైదరాబాద్ విడిచి ఆంధ్రకు ఆడాడు. తర్వాత బరోడా, విదర్భల మీదుగా తిరిగి వచ్చాడు. హైదరాబాద్ క్రికెట్‌లో ఎదిగిన హనుమ విహారి 2016-17లో ఆంధ్రకు వెళ్లి, 2021-22లో తిరిగి వచ్చి, మళ్లీ ఆంధ్రకే చేరాడు. 2022-23 క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా మార్చుకొని బ్యాటింగ్ చేసిన ఆంధ్ర నాయకుడు అతడే. ప్రతిభ కనిపించనప్పుడు సెలక్టర్లను తప్పుపట్టవచ్చు. కనిపించిన ప్రతిభ నిలవనప్పుడు సెలక్టర్ల కన్నా పైనున్న వ్యవస్థను ప్రశ్నించవలసి ఉంటుంది.

4. సిద్దిపేట నుంచి జింఖానాకు

సిద్దిపేట 2016 అక్టోబరులో మెదక్ నుంచి విడివడి జిల్లా అయింది. క్రికెట్ లెక్కల్లో మాత్రం సిద్దిపేట క్రీడాకారుడు చాలాకాలం ఉమ్మడి మెదక్ వాడే. పట్టణంలో మైదానం ఉంది, ఫ్లడ్‌లైట్ల కింద టోర్నమెంట్లు జరిగాయి, ప్రేక్షకులకు కొదవ లేదు. లేనిది ఎంపికకు దారితీసే ఆట. హైదరాబాద్ సంఘంలో సెలక్టర్లు ప్రధానంగా చూసేది నగరంలోని క్లబ్‌లు ఆడే డివిజన్ లీగులను, అందులోనూ ‘ఏ’ డివిజన్ మూడు రోజుల లీగును. ఉమ్మడి జిల్లాల జట్టు అనే ఒక్క జట్టు రూపంలో జిల్లాలన్నీ కలిసి ఆ లీగులో ప్రవేశిస్తాయి. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం వరకు ఉన్న యువకులంతా పదకొండు స్థానాల కోసం పోటీపడాలన్నమాట.

మిగిలిన మార్గం నగరానికి తరలిపోవడం. నెట్స్ కోసం, క్లబ్ ప్రవేశం కోసం, సెలక్షన్ ట్రయల్స్ కోసం సికింద్రాబాద్ జింఖానా చుట్టూ తిరగడం. రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు రోజూ వచ్చిపోవడం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చినా ఈ లెక్క పెద్దగా మారలేదు. 2025 మహిళల అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులతో టోర్నమెంట్ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష భద్రాచలానికి చెందినది. శిక్షణ కోసం ఆ కుటుంబం సికింద్రాబాద్‌కు మారింది. త్రిషను జిల్లా క్రికెట్ విజయంగా చెప్పుకోవడం కన్నా, ఊరు విడిచి రాగలిగిన ఒక కుటుంబ సాహసంగా చూడడం న్యాయం. రాలేకపోయిన వారి స్కోర్లు ఎక్కడా నమోదు కావు.

నగరంలోనైనా పరిధి విశాలమేమీ కాదు. టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగిన మహమ్మద్ సిరాజ్ 2015-16లో రంజీలో అడుగుపెట్టి, మరుసటి సీజన్లో 41 వికెట్లతో జట్టుకు ప్రధాన బౌలరయ్యాడు. అటువంటి బౌలర్‌ను గుర్తించే చూపు ఉన్నచోట జట్టు బాగుపడింది. అదే చూపు సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ మైదానాల దాకా పోవడానికి సెలక్టర్ల మంచితనం చాలదు, మ్యాచ్‌లు ఉండాలి.

5. ఎంపికకు ముందున్న ఎంపిక

క్లబ్‌లే ఓటర్లు, క్లబ్‌లే జట్లు అయినచోట ఎవరు ఆడాలన్నదీ ఎవరు పాలించాలన్నదీ విడదీయడం కష్టం. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హైదరాబాద్ సంఘం వ్యవహారాలను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీకి అప్పగించింది. కొద్దిమంది చేతిలోనే అనేక క్లబ్‌లున్న తీరును పరిశీలించి ఆ కమిటీ 57 క్లబ్‌లను ఎన్నికల ప్రక్రియకు దూరం పెట్టింది. ఆ సంఖ్యను ఆటగాడి వైపు నుంచి చదివితే, ఒకే వర్గం అధీనంలో ఉన్న అన్ని జట్లలోని స్థానాలూ ఒకే గుమ్మం గుండా భర్తీ అయ్యే అవకాశం ఉందని అర్థమవుతుంది. 2023 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. అలా ఎన్నికైన అధ్యక్షుడితో సహా కొందరిని 2025 జూలైలో సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది, దానికి కోర్టు తీర్పు అవసరం లేదు. ఉమ్మడి జిల్లాల ఒక్క జట్టు స్థానంలో మూడు నాలుగు మండలి జట్లను మూడు రోజుల లీగులోకి తీసుకోవడం, వాటి మ్యాచ్‌లలో కొన్నింటిని టర్ఫ్ వికెట్ సిద్ధం చేసిన జిల్లా కేంద్రాలలోనే ఆడించడం, ప్రతి మ్యాచ్ స్కోరు వివరాలను బహిరంగంగా ఉంచడం. మ్యాటింగ్ మీద చేసిన శతకాన్ని సెలక్టర్ నమ్మడు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. బంతి స్వింగ్ అయ్యే ఉదయం సిద్దిపేట టర్ఫ్ మీద మొదటి గంట నిలిచిన ఓపెనర్‌ను మాత్రం పక్కన పెట్టాలంటే అందుకు కారణం చెప్పవలసి వస్తుంది.