బస్తా మోయు భుజము

ధాన్యపు బస్తా నెత్తునప్పుడు భుజము కలుక్కుమనుట పలువురు రైతులకు అనుభవమే. భుజపు కీలును నాలుగు కండరములు చుట్టి పట్టియుండును. వానిని ఎముకకు బంధించు త్రాళ్లవంటి స్నాయువులు అధికభారముచేతగాని, వయసుచేతగాని నలిగి చిరుగును. చేయి ప్రక్కకెత్తునప్పుడును, రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలినప్పుడును నొప్పి కలుగుట దీని గుర్తు.

కొన్నిదినములు బరువులెత్తుట మానవలెను. అయితే చేతిని బొత్తిగా కదల్పక కట్టివేయరాదు, కీలు బిగిసిపోవును. రెండవ చేతిని మంచమున కానించి ముందునకు వంగి, నొప్పిచేతిని వ్రేలాడవిడిచి ఊయెలవలె మెల్లగా నూపవలెను. పిమ్మట వైద్యుడు చూపిన వ్యాయామమును 12 వారములు విడువక చేయుట మేలు.

క్రిందపడినపిమ్మట చేయి పైకి లేవనిచో స్నాయువు తెగియుండవచ్చును. నాటుకట్టుతో కాలము గడపక వెంటనే ఎముకల వైద్యునికి చూపవలెను. ఆలస్యమైనకొలది దానిని కుట్టి సరిచేయుట కష్టమగును.

ఎద్దు మెడ కమిలినచో కాడి దింపు రైతు, తన భుజమునకు ఆపాటి విశ్రాంతి నొసగరాదా?