పురుగు కడుపులో కత్తెర.. కంది గింజలో తాళం
హైదరాబాద్ శాస్త్రవేత్త పరిశోధనకు, మన మగ్గానికి ఉంది లంకె

షోలాపూర్: తెల్లారింది మొదలు మరమగ్గాల చప్పుడే. షోలాపూర్ తూర్పు పేటల్లోని మన పద్మశాలి ఇళ్లలో నూలు ధర పెరిగిందంటే ఆ నెల లెక్కంతా తలకిందులే. ఆ నూలు పత్తి నుంచే కదా రావాలి! పత్తి కాయను పురుగు తొలిస్తే ఆ దెబ్బ రైతుతో ఆగదు. జిన్నింగు మిల్లు, నూలు మిల్లు దాటి చద్దరు, తువ్వాలు నేసే మగ్గం దాకా వస్తుంది. మన తాతలు వదిలి వచ్చిన ఓరుగల్లు నేల మీద 1997-98లో పురుగు పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు.

మందు కొట్టి చంపడం సరే, అసలు పురుగుకు తిన్నది అరగకుండా చేస్తే? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కె.పద్మశ్రీ ఏళ్ల తరబడి వెతికింది ఈ దారినే.

అరుగుదలే ఆయువుపట్టు

తిన్న మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములను ప్రోటియేజులు అంటారు. కత్తెర నూలు పోగును తెంపినట్టు ఇవి మాంసకృత్తుల గొలుసును తెంపుతాయి. మన కడుపులోనూ ఉంటాయి, పురుగు కడుపులోనూ ఉంటాయి. ట్రిప్సిన్ ఆ జాతిదే. కత్తెర పనిచేయకపోతే కడుపు నిండా తిన్నా ఒంటికి పట్టదు. పురుగు ఎదగదు.

ఈ కత్తెరకు తాళం వేసేవే నిరోధకాలు. కంది, మినుము, సోయా గింజల్లో ఇవి పుట్టుకతోనే ఉంటాయి. పచ్చి గింజలు తింటే సరిగా అరగకపోవడానికి ఇదీ ఒక కారణం. పప్పు ఉడికిస్తే ఆ బలం చాలావరకు పోతుంది కాబట్టి మనకు భయం లేదు.

ఆకు నుంచి గింజకు

పద్మశ్రీ మొదట చేసింది వేరే పని. ఆకులో కిరణజన్య సంయోగక్రియకు, శ్వాసక్రియకు ఉన్న పొత్తు మీద ఎ.ఎస్.రాఘవేంద్రతో కలిసి పరిశోధించారు. తర్వాత గింజల్లోని నిరోధకాల వైపు మళ్లారు. అపర్ణా దత్తా గుప్తాతో కలిసి కంది, మినుము గింజల నుంచి వాటిని శుద్ధి చేశారు. 2009, 2010లో వచ్చిన పత్రాల్లో ఆ ఫలితాలున్నాయి. ఆముదం ఆకు తినే నామాల పురుగు మీద వాటిని పరీక్షించారు.

పత్తిని, కందిని రెంటినీ తినే శనగపచ్చ పురుగు మాత్రం గడుసుది. దాని కోసం కందికి అడవి చుట్టమైన కజానస్ ప్లాటికార్పస్ గింజలను పట్టుకున్నారు. వాటిలోని నిరోధకాలు ఆ పురుగు కడుపులోని ట్రిప్సిన్‌కు అడ్డుపడతాయని 2016లో ప్రకటించారు.

అటు పుణేలోనూ అదే వేట

పుణే జాతీయ రసాయన ప్రయోగశాలలో రంజేకర్, విద్యా గుప్తా, హర్సుల్కర్ బృందం 1999లోనే ఒక చిక్కు చెప్పింది. ఒక నిరోధకానికి అలవాటు పడితే శనగపచ్చ పురుగు దానికి లొంగని మరో కత్తెరను తయారు చేసుకుంటుంది. అందుకే అది తినని మొక్కల నుంచి నిరోధకాలు తెచ్చి, ఒకదాని తర్వాత ఒకటి వాడాలన్నారు. అడవి కంది మీద ఆశ కూడా ఇలాంటి ఆలోచనలోంచి వచ్చిందే.

ఇంగ్లండులో 1987లో అలసంద నిరోధకపు జన్యువును పొగాకు మొక్కలో పెట్టి చూపారు. చైనాలో దాన్నే బీటీ జన్యువుతో జతచేసి పత్తి సాగుకు ఇచ్చారు. మన దేశంలో 2002లో బీటీ పత్తి వచ్చింది. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుందని 2010లో తేలింది. ఒక్క తాళాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. కంది నిరోధకంతో మన రైతుకు పత్తి విత్తనం ఇంకా అందలేదు. ప్రయోగశాల నుంచి పొలానికి దారి దూరమే.

మన పిల్లలకూ దారుంది

పుణే, హైదరాబాద్ రైలు దారిలో నడుమ ఉన్నది మన షోలాపూరే. ఈ విద్య అటూ ఉంది, ఇటూ ఉంది. సైన్సు చదివితే ఉద్యోగమేది అని అడిగే ఇళ్లు మన పేటల్లో తక్కువేమీ లేవు. డాక్టరు, ఇంజినీరు కాకపోతే మగ్గమే అనుకునే పిల్లలూ ఉన్నారు. మనింటి డబ్బాలోని కంది గింజ మీద, మన మగ్గం మీది పత్తి మీద ఏళ్లకేళ్లు పనిచేసే చదువు ఒకటుందని వాళ్లకు చెప్పాల్సింది మనమే.