ఆవు తేన్చితే భూమి ఎందుకు వేడెక్కుతుంది?

గడ్డిని మనం అరిగించుకోలేం. ఆవు, గేదె, మేక, గొర్రె అరిగించుకుంటాయి. నిజానికి ఆ పని చేసేవి వాటి కడుపులోని సూక్ష్మజీవులు. ఈ జంతువుల పొట్టలో నాలుగు గదులుంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదానిలో గడ్డి పులుస్తుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. కొన్ని సూక్ష్మజీవులు ఆ రెండింటినీ కలిపి మీథేన్‌గా మారుస్తాయి. అది ఎక్కువగా తేన్పులతోనే బయటికొస్తుంది. వెనకనుంచి పోయేది చాలా కొద్ది.

మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లే ఉంటుంది. అయినా వందేళ్ల లెక్కలో, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

మరి కోడి? అది నెమరు వేయదు. అందుకే గొడ్డుమాంసంతో పోలిస్తే కోడిమాంసం వల్ల పర్యావరణం మీద పడే భారం బాగా తక్కువ.

పప్పులది ఇంకా తక్కువ. కంది, పెసర, మినుము మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! సహజవాయువుతో తయారయ్యే యూరియా అవసరం అంతమేరకు తగ్గుతుంది.

అలాగని పంట పండని బీళ్లలో గొర్రెలు మేపుకునే కుటుంబాలను తప్పుపట్టడం న్యాయం కాదు. అమెజాన్ సంగతి వేరు. అక్కడ నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల మేతబీళ్లుగానే మారింది.