దిండు తీసే ముందు ఒక మాట

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు తల పవిత్రమైనది. అడగకుండా దాన్ని తాకకూడదు. తలకింద పెట్టుకునే దిండును కాళ్ళకింద పెట్టకూడదు, దానిమీద కూర్చోకూడదు. తిండి పెట్టే బల్లమీద మూత్రం పాత్ర పెడితే ఆ తిండి మైలపడినట్టే. ఆసుపత్రి హడావిడిలో నర్సు ఇవన్నీ ఏ దురుద్దేశమూ లేకుండానే చేసేయవచ్చు. రోగి పైకి ఏమీ అనకపోవచ్చు గాని, మళ్ళీ జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి గడప తొక్కడానికి వెనకాడతాడు.

మాయ సంగతి ఇంకా సున్నితం. మావోరీ భాషలో నేలకూ మాయకూ ఒకటే మాట, ‘ఫెనువా’. కాన్పు తర్వాత మాయను సొంతవారి నేలలో పూడ్చడం వారి ఆచారం. ఆసుపత్రులు దాన్ని చెత్తలో కలిపేసిన రోజులున్నాయి. తెలుగు పల్లెల్లోనూ ఇంటి కాన్పుల కాలంలో మాయను గొయ్యి తీసి పూడ్చేవారు కనుక, ఆ తల్లుల బాధ తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

1988లో జరిగిన ఒక సమావేశంలో ఓ మావోరీ నర్సింగ్ విద్యార్థిని లేచి, చట్టపరమైన భద్రత, వైద్యపరమైన భద్రత అంటున్నారు సరే, మరి సంస్కృతి భద్రత మాటేమిటని అడిగింది. ఆ ప్రశ్నను సిద్ధాంతంగా మలచింది మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ (1946–2003). 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో తప్పనిసరి చేసింది.

అంతకుముందే అమెరికాలో మెడలీన్ లైనింగర్, నర్సు రోగుల సంస్కృతిని అధ్యయనం చేయాలని బోధించారు. రామ్స్‌డెన్ దారి వేరు. ఆచారాల జాబితా బట్టీపట్టిన నర్సు మావోరీలందరినీ ఒకే గాట కట్టే ప్రమాదముంది. నగరంలో పుట్టి పెరిగిన మావోరీకి ఆ పట్టింపుల్లో కొన్ని ఉండకపోవచ్చు. అందుకే నర్సు ముందుగా తన అలవాట్లను, తన అపోహలను, తన చేతిలోని అధికారాన్ని గుర్తించాలన్నారు ఆమె. సేవ భద్రంగా ఉందో లేదో తేల్చేది నర్సు కాదు, దాన్ని అందుకున్న మనిషి. ఈ సిద్ధాంతానికి గుండెకాయ ఇదే.

ఆచరణలో ఇది చిన్న చిన్న ప్రశ్నలుగా మారుతుంది: “మీ దిండు జరపవచ్చా?” “మందుల గురించి చెప్పేటప్పుడు ఇంట్లోవాళ్ళు కూడా ఉంటే బాగుంటుందా?” అడిగి ఊరుకుంటే చాలదు, జవాబు వచ్చేదాకా ఆగాలి. మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు.

1990లలో న్యూజిలాండ్ పత్రికలు ఈ సిద్ధాంతాన్ని తీవ్రంగానే విమర్శించాయి. అయినా పాఠం నిలిచింది. ఇప్పుడు అక్కడ కాన్పుకు వచ్చిన తల్లిని మాయను ఇంటికి తీసుకెళ్తారా అని అడగడం మామూలైంది. మావోరీలు కాని తల్లులు కూడా కొందరు తీసుకెళ్ళి, దానిమీద మొక్క నాటుతున్నారు.