నిన్నటి మాట ఇంగ్లీషులో చెప్పడం ఎలా?

 

ఈసారి గోడపత్రికలో ఇంగ్లీషు భూతకాలం గురించి రాస్తున్నాను. దీన్నే సింపుల్ పాస్ట్ టెన్స్ అంటారు. మనలో చాలామందికి ఇంట్లో సవర, బడిలో తెలుగు. ఇంగ్లీషు మూడో భాష. మా అమ్మానాన్న బడికి వెళ్ళలేదు, ఇంటి దగ్గర గ్రామర్ చెప్పేవాళ్ళు లేరు. మీలో చాలామందికీ అంతే కదా. కాబట్టి ఒకరికొకరం చెప్పుకోవాలి.

"ఆదివారం ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగితే క్లాసంతా తలలు దించేస్తాం. పనులు చెయ్యక కాదు. బట్టలు ఉతికాం, తలలు దువ్వుకున్నాం, అమ్మ చూడ్డానికి వస్తే ఏడ్చాం కూడా. అయిపోయిన సంగతులన్నీ భూతకాలంలోనే చెప్పాలి. అది రాకపోతే మన సంగతి మనమే చెప్పుకోలేం.

1. మనిషిని బట్టి మారదు
తెలుగులో వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని ఎన్నో రూపాలు. ఇంగ్లీషులో అందరికీ ఒక్క వెంట్ చాలు. ఐ వెంట్, యు వెంట్, షి వెంట్, దే వెంట్. వాజ్, వర్ మాత్రమే మారతాయి. ఐ, హి, షి, ఇట్ పక్కన వాజ్. వి, యు, దే పక్కన వర్.

2. చివర పలికే తీరు
చాలా క్రియలకి చివర ఇ, డి అక్షరాలు చేరుస్తాం. కానీ పలకడం మూడు రకాలు. కుక్, వాష్, హెల్ప్ లకి ట్ వస్తుంది: కుక్ట్, వాష్ట్, హెల్ప్ట్. ప్లే, క్లీన్, కాల్ లకి డ్ వస్తుంది: ప్లేడ్, క్లీన్డ్, కాల్డ్. మాట చివర ట, డ శబ్దం ఉంటేనే ఇడ్ అని విడిగా పలకాలి: వాంటిడ్, నీడిడ్. "కుక్కెడ్" అనకూడదు.

3. మొత్తం మారిపోయేవి
గో కి వెంట్ ఏమిటి అని విసుక్కుంటాం. వెండ్ అనే వేరే పాత క్రియకి భూతకాలం వెంట్. గో దాన్ని తెచ్చేసుకుంది. తెలుగులో మాత్రం లేదా? వస్తాను, వచ్చాను అంటాం, మళ్ళీ రాలేదు అంటాం. అలాగే ఈట్-ఏట్, సెల్-సోల్డ్, బ్రింగ్-బ్రాట్. వీటిని రోజుకి ఐదు చొప్పున బట్టీ పట్టాల్సిందే.

4. డిడ్ వస్తే
అందరూ తడబడేది ఇక్కడే. "వెళ్ళాను" కి వ్యతిరేకం "వెళ్ళాను లేదు" అంటామా? అనం. "వెళ్ళలేదు" అంటాం. జరిగిపోయిందని లేదు చెప్పేస్తుంది, కాబట్టి వెళ్ళ అంటే చాలు. నేను వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. ఎవరికైనా లేదు మారదు. ఇంగ్లీషులో డిడ్ నాట్ కూడా ఇంతే. ఐ డిడ్ నాట్ గో. డిడ్ నాట్ వెంట్ తప్పు.

ప్రశ్నలో జాగ్రత్త. తెలుగులో "వెళ్ళావా?" అని భూతకాలం క్రియకే ప్రశ్న తగిలిస్తాం. ఆ అలవాటుతోనే "డిడ్ యు వెంట్?" అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో డిడ్ ఉంటే క్రియ మామూలుగా ఉండాలి: డిడ్ యు గో? వాజ్, వర్ ఉంటే మాత్రం డిడ్ అక్కర్లేదు: వర్ యు ఎట్ హోమ్?

5. నిన్న, మొన్న ఉంటే
ఎప్పుడు జరిగిందో చెప్తే హావ్ వాడకూడదు. "ఐ హావ్ సీన్ హర్ ఎస్టర్డే" తప్పు. "ఐ సా హర్ ఎస్టర్డే" ఒప్పు.

ఒక మాట. స్టడీ అవర్‌లో ఎవరైనా తప్పు పలికితే నవ్వకండి. నవ్వితే ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర మాట్లాడేవాళ్ళ దగ్గరే, వింటూ, పలుకుతూ నేర్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అంత పెద్దాయన మన భాష నేర్చుకోగా లేనిది, మనం ఇంగ్లీషు నేర్చుకోలేమా?

ఇవి ఇంగ్లీషులో చెప్పండి:
అ. అమ్మ సంతకి వెళ్ళింది.
ఆ. ఆమె అనాసపళ్ళు అమ్మింది.
ఇ. నాన్న రాలేదు.
ఈ. నువ్వు అన్నం తిన్నావా?

జవాబులు:
అ. మదర్ వెంట్ టు ది మార్కెట్.
ఆ. షి సోల్డ్ పైనాపిల్స్.
ఇ. ఫాదర్ డిడ్ నాట్ కమ్.
ఈ. డిడ్ యు ఈట్ రైస్?

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని,
సీతంపేట