లోహాన్ని వెలుగుతో పట్టిచ్చే అణువులు

శంషాబాద్ మండలంలోని తొండుపల్లి పేరు నేడు ఔటర్ రింగ్ రోడ్డుతోనూ విమానాశ్రయంతోనూ ముడిపడి వినిపిస్తున్నప్పటికీ, ఈ చుట్టుపక్కల నేలకు నీటిని కాపాడవలసిన, అంతకంటే పాతదైన ఒక బాధ్యత ఉంది. ఈసీ నదిపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఇక్కడికి దగ్గరలోనే ఉండగా, అది కూడా ఒకటైన జంట జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111వ జీవో ఈ మండలంలోని పలు గ్రామాలకు వర్తించింది. అయితే నీటిలో సీసమో పాదరసమో కరిగి ఉంటే దానిని రంగూ రుచీ బయటపెట్టవు. తాగునీటిలో లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రామును, పాదరసం 0.001 మిల్లీగ్రామును మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఇంత స్వల్ప పరిమాణాలను కొలిచే ఖరీదైన యంత్రాలు ప్రయోగశాలల్లోనే ఉంటాయి కనుక నమూనాయే వాటి దగ్గరకు ప్రయాణించవలసి వస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని తేలింది వాటిని ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన తరువాతనే.

ఈ దూరాన్ని తగ్గించగలవని రసాయన శాస్త్రజ్ఞులు ఆశిస్తున్నవి ప్రతిదీప్తి సెన్సర్లు. కొన్ని అణువులు అతినీలలోహిత కాంతి వంటి అధికశక్తి కాంతిని పీల్చుకొని, వెంటనే తక్కువ శక్తి గల మరో రంగు కాంతిగా విడిచిపెడతాయి. దీనినే ప్రతిదీప్తి, అంటే ఫ్లోరసెన్స్ అంటారు. అటువంటి వెలిగే భాగానికి, లోహ అయాన్‌ను, అనగా విద్యుదావేశం గల లోహ పరమాణువును, పట్టుకునే గ్రాహక భాగాన్ని ఒక చిన్న గొలుసుతో కలిపితే సెన్సర్ అవుతుంది. లోహం లేనప్పుడు గ్రాహకంలోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను కాంతి పీల్చిన భాగానికి అందించడం వల్ల వెలుగు అణగిపోతుంది. అయాన్ వచ్చి ఆ నైట్రోజన్ ఎలక్ట్రాన్ జంటను బంధించగానే ఆ దారి మూసుకుపోయి వెలుగు తిరిగి వస్తుంది. లోహాన్ని వెలుగుతో గుర్తించాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. మోరిన్ అనే మొక్కల వర్ణద్రవ్యం అల్యూమినియంతో కలిసి వెలుగుతుందని గొపెల్స్‌రోడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1867లోనే గుర్తించాడు.

చిక్కంతా రాగి, ఇనుము, నికెల్ వంటి పరివర్తన లోహాలతోనే వచ్చింది, ఎందుకంటే అవి స్వభావరీత్యా వెలుగును ఆర్పివేస్తాయి. ఆరిపోయే సంకేతాన్ని నమ్మడం కష్టం: నీరు మురికిగా ఉన్నా, రంగు పదార్థం చెడిపోయినా వెలుగు తగ్గుతుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో అనునయ్ సమంతా బృందం 1990ల చివర ఈ సమస్యనే పట్టుకొని, ఎలక్ట్రాన్ల కొరత గల వెలిగే భాగాలను ఎంచుకుంటే లోహానికీ ఆ భాగానికీ నడుమ సంపర్కం బలహీనపడి, సాధారణంగా ఆర్పే లోహాలే వెలుగును పెంచగలవని నిర్మాణంలో ఎంతో సరళమైన అణువులతో చూపింది. అటువంటి వెలిగే భాగం గల నాఫ్తాలిమైడ్ వర్గపు అణువులపైనా ఈ బృందం పనిచేసింది. ఇంటి పక్కనే జరిగిన ఈ పని తెలుగు పాఠకులకు ఇంతవరకు సరిగా చేరకపోవడం విచారకరం.

అయినా ప్రయోగశాల గాజు గొట్టంలోని విజయం బోరుబావి దగ్గరి విజయం కాదు. ఇటువంటి అణువుల్లో చాలావరకు అసిటోనైట్రైల్ వంటి సేంద్రియ ద్రావకాల్లో చక్కగా పనిచేసి, నీటిలోకి వచ్చేసరికి అయాన్ చుట్టూ నీటి అణువులే గట్టిగా చేరి ఉండడం వల్ల తడబడతాయి. పైగా రాగి కోసం చేసిన గ్రాహకం ఇతర లోహాలకూ స్పందించవచ్చు. పాదరసానికి గంధకం పట్ల ఉన్న గాఢమైన ఆకర్షణను వాడుకొని గంధకం గల గ్రాహకాలను కూర్చడం ఈ గందరగోళాన్ని తగ్గించే మార్గాలలో ఒకటి. ఇటువంటి సెన్సర్ పూసిన కాగితపు పట్టీ చేతికి వచ్చినా, దానిపై వెలుగు కనిపించిన నీటిని మళ్లీ యంత్రంతో కొలిచి నిర్ధారించవలసిందే. కానీ ఏ బావి నీటిని ముందుగా పంపాలో ఊరివారే నిర్ణయించుకోవడానికి ఆ పట్టీ చాలు.