కబీర్‌కు నేటి మాట: మెహ్రోత్రా అనువాదాలు ఏం చెబుతున్నాయి?

అన్నవరం రత్నగిరిపై సత్యనారాయణ వ్రతం చేసుకున్నవారికి తెలిసిన సంగతే. పురోహితుడు మంత్రాలు సంస్కృతంలో చదువుతారు. కథ దగ్గరకు వచ్చేసరికి తెలుగులోకి దిగుతారు. కట్టెలమ్ముకునేవాడి కథ, షావుకారు కథ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో వినిపిస్తాయి. స్కాంద పురాణంలోనిదని చెప్పే ఆ కథ అక్షరం రానివారికి కూడా గుర్తుండిపోయిందంటే కారణం అదే.

పాత కవిత్వానికి ఇంగ్లీషులో ఇలాంటి పనే చేసిన కవి అరవింద్ కృష్ణ మెహ్రోత్రా. 1947లో లాహోర్‌లో పుట్టారు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించారు. ఒకపక్క సొంత కవితలు రాస్తూనే, శాతవాహన రాజు హాలుడి పేరిట ఉన్న గాథాసప్తశతి నుంచి ప్రాకృత ప్రేమ కవితలను అనువదించి 1991లో పుస్తకంగా తెచ్చారు. మన గోదావరి పేరు ఆ గాథల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. 2011లో ‘సాంగ్స్ ఆఫ్ కబీర్’ వచ్చింది.

కబీర్ 15వ శతాబ్దపు కాశీ నేతగాడు. ముస్లిం జులాహా కుటుంబంలో పెరిగారు. పండితుణ్ని, ముల్లాను ఒకేలా నిలదీశారు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి ఏదీ లేదు. పాటలన్నీ పాడేవారి నోట బతికాయి. 1604 నాటి సిక్కుల ఆదిగ్రంథ్‌లో ఒకలా, కబీర్‌పంథీల బీజక్‌లో ఒకలా, రాజస్థాన్ రాతప్రతుల్లో మరోలా ఉన్నాయి. అందుకే మెహ్రోత్రా మాటకు మాట పెట్టుకుంటూ పోలేదు. నేటి వీధిలో వినిపించే ఇంగ్లీషును, యాసను కూడా వాడుకున్నారు.

మరి ఇది కబీరా, మెహ్రోత్రానా? ఈ ప్రశ్న న్యాయమైనదే. పాట బాణీ, దేశీ మాటల రుచి ఇంగ్లీషులోకి పూర్తిగా రావు. అయితే కబీర్ సంస్కృతాన్ని పక్కనబెట్టి జనం మాటనే ఎంచుకున్నారు. అలాంటి మనిషిని గ్రాంథికంలో కూర్చోబెడితే మర్యాద దక్కుతుందేమో గానీ ఆ గొంతులో వేడి పోతుంది.

ఇందులో మనకూ ఒక పాఠం ఉంది. కబీర్ తిరిగిన ఆ కాశీ మహిమనే అదే శతాబ్దంలో శ్రీనాథుడు స్కాంద పురాణం నుంచి తెలుగులోకి తెచ్చి, రాజమహేంద్రవరం ఏలిన వీరభద్రారెడ్డికి అంకితమిచ్చారు. ఆ కాశీఖండాన్ని పండితులే ఇనుప ముద్ద అన్నారు. నేటి విద్యార్థికి వ్యాఖ్యానం లేకుండా ఒక్క పద్యం కొరుకుడుపడదు. మూలం ఎలాగూ ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. దాని పక్కనే, నేటి తెలుగు కవి ఎవరైనా శ్రీనాథుణ్ని నేటి తెలుగులో మళ్లీ వినిపించాలి. లేదంటే ఆ పద్యం పరీక్ష పేపర్లో ప్రశ్నగా మాత్రమే మిగులుతుంది.